సంస్కరణలకు ముద్ర వేసిన మతపండితులు: ఒట్టోమన్ ఉలేమాల కథ

1807 మే నెలాఖరులో ఇస్తాంబుల్‌లో ఒక ఫత్వా వెలువడింది. యూరప్ తరహాలో కొత్త సైన్యాన్ని తయారుచేస్తున్న సుల్తాన్ మూడో సెలీం ఇక గద్దె మీద ఉండడానికి తగడని దాని సారాంశం. ఇచ్చింది షేఖుల్ ఇస్లాం అతావుల్లా ఎఫెందీ, అంటే ఒట్టోమన్ సామ్రాజ్యంలో మతపండితులందరికీ పెద్ద. సెలీం గద్దె దిగాడు. మరుసటి ఏడాది అతన్ని రాజభవనంలోనే చంపేశారు.

పంతొమ్మిదేళ్లు గడిచాయి. 1826 జూన్‌లో అదే పదవిలో కాజీజాదే తాహిర్ ఎఫెందీ ఉన్నారు. ఈసారి కొత్త సైన్యం వద్దంటూ తిరగబడ్డ జానిసరీలను, అంటే పాత సైనిక దళంవారిని, చంపడం షరియత్ ప్రకారం సబబేనని ఉలేమాలు తేల్చిచెప్పారు. సుల్తాన్ రెండో మహమూద్ ఫిరంగులు ఎక్కుపెట్టాడు. నాలుగు శతాబ్దాలకు పైగా సామ్రాజ్యానికి వెన్నెముకగా నిలిచిన దళం రాజధానిలో ఒక్క రోజులో తుడిచిపెట్టుకుపోయింది.

పదవి అదే, చదివిన గ్రంథాలు అవే, ఇద్దరిదీ హనఫీ న్యాయ సంప్రదాయమే. మరి తీర్పులు ఇంత ఎదురెదురుగా ఎలా వచ్చాయి?

ఈ ప్రశ్న నాకు ముఖ్యంగా తోస్తుంది. ఎందుకంటే టీవీ చర్చల్లో, ఫేస్‌బుక్ పోస్టుల్లో ఈ చరిత్రను రెండు ముక్కల్లో తేల్చేస్తుంటారు. "ముల్లాలు అడ్డుపడ్డారు కాబట్టి ముస్లిం దేశాలు వెనకబడ్డాయి" అని ఒకరు. "ఇస్లాంకు, ఆధునికతకు గొడవే లేదు, అంతా పాశ్చాత్యుల ప్రచారం" అని ఇంకొకరు. ఒట్టోమన్ రికార్డు ఈ రెండిటికీ లొంగదు. అక్కడ పెద్ద ఉలేమాలు సంస్కరణలకు అడ్డుపడటం కన్నా ఆమోదముద్ర వేయడమే ఎక్కువ. ఆ ముద్రల వల్లే వాళ్ల కాళ్ల కింద నేల కొంచెం కొంచెంగా కదిలిపోయింది.

ఉలేమాలంటే ఎవరు?

ఉలేమా అనగానే మనకు మసీదులో నమాజు చేయించే ఇమాం గుర్తొస్తారు. ఒట్టోమన్ రాజ్యంలో వాళ్ల పరిధి అంతకన్నా చాలా పెద్దది. కాజీ అంటే ఆ ఊరికి జడ్జి, రిజిస్ట్రార్, సగం మున్సిపల్ కమిషనర్. ఇల్లు అమ్మితే నమోదు చేసేది ఆయనే, చనిపోయినవారి ఆస్తి పంచేది ఆయనే, బజారులో రొట్టె ధర కట్టడి చేసేది, తూకాలు సరిగా ఉన్నాయో లేదో చూసేదీ ఆయనే. మదరసాల్లో పాఠాలు చెప్పే ముదర్రిసులు, న్యాయ సలహా ఇచ్చే ముఫ్తీలు కూడా ఈ వర్గమే. వీళ్లందరికీ మెట్లుమెట్లుగా ర్యాంకులు ఉండేవి. పైమెట్టున షేఖుల్ ఇస్లాం, ఆయన కింద రుమేలియా (యూరప్ వైపు భూభాగం), అనతోలియా (ఆసియా వైపు భూభాగం)లకు చెరొక కాజీ అస్కర్, అంటే పెద్ద జడ్జి. అందరినీ నియమించేది సుల్తానే, తీసేసేదీ సుల్తానే.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోవాలి. ఒట్టోమన్ ఉలేమాలు రాజ్యానికి బయట నిలబడి వేలు చూపించే గురువులు కారు. రాజ్యం లోపలి ఒక కేడర్.

అందులోనూ రెండు లోకాలు. ఒకటి పెద్ద ముల్లాల కుటుంబాలది. పదవి పోయిన పాషాల (పెద్ద సర్కారు అధికారుల) ఆస్తిని సుల్తాన్ జప్తు చేసుకునేవాడు. ఉలేమాల ఆస్తి జోలికి సాధారణంగా వెళ్లేవారు కాదు. అందుకే తరతరాలుగా ఆస్తి, హోదా నిలబడ్డ ఇళ్లు కొన్ని తయారయ్యాయి. వాళ్ల పిల్లలకు చదువు పూర్తికాకముందే ర్యాంకులు వచ్చేవి. రెండోది సోఫ్తాలనే మదరసా విద్యార్థులది. ఊళ్ల నుంచి వచ్చి, మదరసా గదుల్లో ఇరుక్కుని ఉంటూ, వక్ఫ్ వంటశాలలో పెట్టే అన్నంతో గడుపుకునేవారు. చదువు పూర్తయినా ఉద్యోగం వస్తుందన్న భరోసా లేదు. ఉలేమాలు ఫలానా వైపు ఉన్నారని ఎక్కడ చదివినా, ఈ రెండు లోకాల్లో ఏ లోకం గురించి చెబుతున్నారో ముందు చూసుకోవాలి.

ఇక ఫత్వా. ఒట్టోమన్ ఫత్వా చాలా చిన్న కాగితం. పైన ప్రశ్న, కింద జవాబు. ప్రశ్నలో అసలు మనుషుల పేర్లు ఉండవు. మన లెక్కల పుస్తకంలో రాము, సోము ఉన్నట్టు అందులో ఎప్పుడూ జైద్, అమ్ర్ అనే మగవాళ్లు, హింద్ అనే ఆడమనిషి ఉంటారు. "జైద్ ఇలా చేస్తే అది చెల్లుతుందా?" అని అడుగుతారు. షేఖుల్ ఇస్లాం "చెల్లుతుంది" లేదా "చెల్లదు" అని ఒక్క మాట రాస్తారు. చాలాసార్లు కారణం కూడా చెప్పరు. కాబట్టి అసలు పని ప్రశ్న రాయడంలోనే జరిగిపోతుంది. ఫలానా సుల్తాన్ సంస్కరణలు తప్పా అని ఎవరూ అడగరు. షరియత్‌కు విరుద్ధంగా నడిచే పాలకుడు పదవిలో ఉండవచ్చా అని అడుగుతారు. అలా అడిగాక ఏ పండితుడైనా ఏం జవాబిస్తాడు? 1807 ఫత్వాను చదవాల్సింది ఇలా. అందులో వినిపించేది ఇస్లాం గొంతు కాదు. ఆ వారం రాజధానిలో ప్రశ్న రాయగల బలం ఎవరి చేతికి వచ్చిందో అది తెలుస్తుంది, అంతే.

1807లో ఓడింది 1826లో ఎలా గెలిచింది?

సెలీం కాలంలో ఉలేమాలంతా సంస్కరణలకు వ్యతిరేకులన్నది నిజం కాదు. 1790ల మొదట్లో రాజ్యాన్ని ఎలా బాగుచేయాలో రాసివ్వండని సుల్తాన్ పెద్దలను అడిగాడు. నివేదిక ఇచ్చినవారిలో తతార్జిక్ అబ్దుల్లా అనే పెద్ద ఆలిం (ఉలేమాకు ఏకవచనం) ఉన్నారు. రష్యాతో యుద్ధం ఓడి 1774లో కుచుక్ కైనార్జా ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది, 1783లో ముస్లిం జనాభా ఉన్న క్రిమియా చేజారింది. సైన్యం మారకపోతే మసీదులు కూడా మిగలవని పండితులకు తెలియకపోలేదు.

మరి ఎక్కడ చెడింది? కొత్త సైన్యానికి డబ్బు కోసం సెలీం వేరే ఖజానా పెట్టి పొగాకు, కాఫీ లాంటివాటి మీద పన్నులు వేశాడు. భూముల ఆదాయాలు కొన్ని లాక్కున్నాడు. నిర్ణయాలన్నీ చుట్టూ ఉన్న చిన్న బృందమే తీసుకునేది. ధరలు పెరిగాయి. బాస్ఫరస్ కోటల కాపలావాళ్లను కొత్త యూనిఫాం వేసుకోమనేసరికి తిరుగుబాటు రాజుకుంది. సుల్తాన్ చుట్టూ ఉన్న బృందం మీద కసి ఉన్న అతావుల్లా ఎఫెందీ ఆ గాలికి తలుపు తీశారు. పన్ను, పదవి, పగ మూడూ కలిసి మతం మాటల్లో బయటికొచ్చాయి.

రెండో మహమూద్ దీన్ని కళ్లారా చూసినవాడు. 1808లో గద్దెనెక్కి పద్దెనిమిదేళ్లు ఓపిక పట్టాడు. ఈలోగా కీలకమైన పదవుల్లో తనవాళ్లను పెట్టుకున్నాడు. పెద్ద ఉలేమాలను దగ్గరకు తీశాడు. కాలం కూడా అతనికి కలిసొచ్చింది. 1821లో గ్రీకులు తిరగబడితే జానిసరీలు ఏమీ చేయలేకపోయారు. ఈజిప్టు గవర్నర్ మెహ్మద్ అలీ పంపిన, యూరప్ పద్ధతిలో డ్రిల్లు నేర్చిన సైన్యం అక్కడికి వెళ్లి గెలుస్తూ పోయింది. ఆ గవర్నర్ ముస్లిం, ఆ సైనికులూ ముస్లింలే. డ్రిల్లు చేస్తే కాఫిర్లు అయిపోతామన్న మాటకు ఇక బలం లేకుండా పోయింది.

పండితులు ముందుకు తెచ్చిన వాదన వినదగ్గది. శత్రువు ఏ ఆయుధంతో వస్తే అదే ఆయుధంతో ఎదుర్కోవడం ధర్మమన్నది పాత న్యాయసూత్రం. దానికి ఉదాహరణ ప్రవక్త జీవితంలోనే ఉంది. క్రీ.శ. 627లో మదీనాను ముట్టడించినప్పుడు ఊరి చుట్టూ కందకం తవ్వించారు. అరబ్బులకు ఆ పద్ధతి తెలియదు. చెప్పింది పారశీకుడైన సల్మాన్. అగ్నిని పూజించేవారి యుద్ధవిద్యను ప్రవక్తే వాడుకుంటే, ఫ్రెంచివారి డ్రిల్లు ఎందుకు కూడదు? ఇది చేతికి దొరికిన సాకు అని నేను అనుకోను. సంప్రదాయం లోపలి నుంచే మార్పుకు దారి తీసే పద్ధతి ఇది, దాన్ని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు.

1826 మే నెలలో కొత్త దళానికి ఫత్వా వచ్చింది. జానిసరీ అధికారులతో కూడా ఒప్పంద పత్రం మీద సంతకాలు చేయించారు. జూన్ 14 రాత్రి జానిసరీలు మాంసం బజారు మైదానంలో తమ వంట డేగిసాలు బోర్లించారు. సుల్తాన్ పెట్టే అన్నం మాకొద్దు అని దానర్థం, తిరుగుబాటుకు అదే గుర్తు. మర్నాడు ఉలేమాలు రాజభవనంలో సమావేశమయ్యారు. ప్రవక్తదిగా చెప్పే పవిత్ర ధ్వజాన్ని బయటకు తీసి సుల్తాన్ అహ్మద్ మసీదుకు తెచ్చారు. మదరసా విద్యార్థులు కూడా దాని కిందకు వచ్చి నిలబడ్డారు. సాయంత్రానికి జానిసరీల బారకాసులు తగలబడుతున్నాయి. వేలమంది చనిపోయారు. సంస్కరణ అనే మాట వెనక ఇంత రక్తం ఉందని మర్చిపోకూడదు.

మరుసటి నెలలో జానిసరీలతో తరతరాల బంధం ఉన్న బెక్తాషీ సూఫీ మార్గాన్ని నిషేధించారు. బెక్తాషీలంటే ఉలేమాలకు ఎప్పటినుంచో పడదు. ఈ ఊపులో బలైపోయినవారిలో షానిజాదే అతావుల్లా ఒకరు. ఆయన ఆలిం, వైద్యుడు, ఆస్థాన చరిత్రకారుడు. 1820లో యూరప్ వైద్యం ఆధారంగా, శరీర నిర్మాణ చిత్రాలతో పుస్తకం అచ్చువేశారు. ఒట్టోమన్ వైద్యంలో అదొక మలుపు. బెక్తాషీలతో సంబంధం ఉందన్న ఆరోపణతో ఆయన్ని తిరె అనే ఊరికి పంపేశారు, ఆ ఏడాదే అక్కడ చనిపోయారు. అంతకుముందే ఆయన స్థానంలో ఆస్థాన చరిత్రకారుడైన ఎసాద్ ఎఫెందీ కూడా ఆలిమే. జానిసరీల నిర్మూలనను సమర్థిస్తూ పుస్తకం రాసి, 1831లో మొదలైన ప్రభుత్వ పత్రిక తక్వీమ్-ఇ-వెకాయికి సంపాదకుడయ్యారు. ఇద్దరిలో ఆధునికుడు ఎవరు? నన్నడిగితే షానిజాదే. నిలబడింది మాత్రం ఎసాద్.

ముద్ర వేసినందుకు చెల్లించిన మూల్యం

1826 తర్వాత జానిసరీల అధిపతి ఉండే భవనాన్ని షేఖుల్ ఇస్లాంకు ఆఫీసుగా ఇచ్చారు. అప్పటిదాకా షేఖుల్ ఇస్లాంలు ఎవరి ఇంటి నుంచి వాళ్లు పనిచేసేవారు. సులేమానియే మసీదు పక్కనున్న ఆ స్థలంలోనే ఇప్పటికీ ఇస్తాంబుల్ ముఫ్తీ కార్యాలయం ఉంది. పైకి చూస్తే పెద్ద గౌరవం. కానీ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీలోకి వచ్చాక షేఖుల్ ఇస్లాం మంత్రుల్లో ఒక మంత్రి అయిపోయారు.

అదే ఏడాది వక్ఫ్ ఆస్తులకు ప్రత్యేక శాఖ పెట్టారు. అసలు దెబ్బ ఇది. మసీదులు, మదరసాలు, వంటశాలలు, పండితుల జీతాలు అన్నీ వక్ఫ్ భూముల, దుకాణాల ఆదాయం మీదే నడిచేవి. ఆ ఆదాయం నెమ్మదిగా ప్రభుత్వం చేతికి వెళ్లింది. మదరసాల మరమ్మతులకు డబ్బు కొరత పడింది, కొత్త బడులకు, సైన్యానికి దొరికింది. బజారు తనిఖీని కూడా 1826లోనే కాజీ చేతుల్లోంచి తీసి వేరే అధికారికి ఇచ్చారు. డ్రిల్లుకు ఫత్వా ఇచ్చినప్పుడు వీటిలో ఏ ఒక్కదానికీ విడిగా అనుమతి అడగలేదు.

అయినా పెద్ద ఉలేమాలు తోడుగానే నడిచారు. ప్లేగు కట్టడికి 1838లో క్వారంటీన్ పెట్టినప్పుడు, రోగం దేవుడి నిర్ణయం కాబట్టి తప్పించుకోజూడటం తప్పు అన్న వాదన లేచింది. తెగులున్న ఊరికి వెళ్లొద్దు, ఆ ఊళ్లో ఉంటే బయటికి రావొద్దు అన్న ప్రవక్త మాట చూపించి షేఖుల్ ఇస్లాం అనుమతిచ్చారు. 1839 నవంబర్ 3న గుల్హానే తోటలో చదివిన తంజిమాత్ (అంటే పాలనా సంస్కరణల) శాసనం కూడా, నూట యాభై ఏళ్లుగా షరియత్‌ను సరిగా పాటించకపోవడం వల్లే ఈ దుస్థితి అంటూ మొదలవుతుంది. ప్రాణానికి, ఆస్తికి, గౌరవానికి మతంతో పనిలేకుండా రక్షణ ఇస్తామన్న హామీ ఆ వాక్యం వెనకే వస్తుంది. దానికి కట్టుబడతామని ఉలేమాలు, మంత్రులు ప్రవక్త వస్త్రం ఉన్న గదిలో ప్రమాణం చేయాలని శాసనమే చెప్పింది.

రాజధాని మాట అన్నిచోట్లా చెల్లలేదు. బ్రిటన్ ఒత్తిడితో బానిసల వ్యాపారాన్ని ఆపాలన్న ఆజ్ఞ 1855లో మక్కా, మదీనాలున్న హిజాజ్ ప్రాంతానికి చేరితే, మక్కా ఉలేమాల పెద్ద షేఖ్ జమాల్ తుర్కులు మతం తప్పారని ఫత్వా ఇచ్చారు. తిరుగుబాటు మొదలైంది. ఇస్తాంబుల్ నుంచి షేఖుల్ ఇస్లాం ఆరిఫ్ ఎఫెందీ, పుకార్లు నమ్మవద్దని మక్కా పెద్దలకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. 1857లో ఆఫ్రికన్ బానిసల వ్యాపారాన్ని సామ్రాజ్యమంతటా నిషేధించి, హిజాజ్‌ను మాత్రం మినహాయించారు. మనుషులను అమ్ముకునే హక్కు కోసం ఒక పండితుడు మతాన్ని అడ్డుపెట్టిన సందర్భం ఇది. దీన్ని మెత్తబరచి చెప్పాల్సిన అవసరం లేదు. అదే సమయంలో, ఒక ఆలిం ఫత్వాను ఖండించడానికి ఇంకో ఆలిం కలం పట్టాల్సి వచ్చిందన్నదీ ఈ కథలో భాగమే.

జెవ్దెత్ పాషా, మెజెల్లె

ఈ కథంతా ఒక్క మనిషిలో చూడాలంటే అహ్మద్ జెవ్దెత్‌ను చూడాలి. ఇప్పటి బల్గేరియాలోని లోవెచ్‌లో పుట్టి, మదరసా చదువుకు 1839లో ఇస్తాంబుల్ వచ్చారు. చదువుతూనే గణితం, చరిత్ర, తర్వాత ఫ్రెంచి నేర్చుకున్నారు. 1846లో తంజిమాత్ రూపశిల్పి ముస్తఫా రషీద్ పాషాకు కొత్త చట్టాలు రాయడంలో షరియత్ తెలిసిన, బుర్ర విశాలంగా ఉన్న పండితుడు కావాల్సి వచ్చింది. షేఖుల్ ఇస్లాం కార్యాలయం ఈ కుర్రాణ్ని పంపింది. ఉలేమాల మెట్లలో చాలా పైకి వెళ్లాక, 1866లో ఆయన ఆ వర్గం వదిలి పాషా అయ్యారు. తలపాగా తీసి సర్కారు అధికారుల టోపీ ఫెజ్ పెట్టుకున్నారు. (తుర్కీ తొలి నవలా రచయిత్రుల్లో ఒకరైన ఫాత్మా అలియె ఆయన కూతురే.)

అప్పటికి నిజామియే అనే కొత్త కోర్టులు వచ్చేశాయి. వాటిలో ముస్లిమేతర సభ్యులూ కూర్చునేవారు. హనఫీ న్యాయశాస్త్రం అరబీ గ్రంథాల్లో, వ్యాఖ్యల మీద వ్యాఖ్యలుగా పరుచుకుని ఉంది. ఒకే విషయం మీద నాలుగు అభిప్రాయాలుంటే ఏది పాటించాలో తేల్చడానికి జీవితమంతా చదివిన పండితుడు కావాలి. అలాంటివారు తగ్గిపోతున్నారు. ఫ్రెంచి సివిల్ కోడ్‌ను అనువదించి పెట్టుకుందామని ప్రధానమంత్రి ఆలీ పాషా పట్టుబట్టారు. కాదు, మన న్యాయశాస్త్రాన్నే నంబర్లు వేసిన సెక్షన్లుగా తుర్కీలో రాద్దామని జెవ్దెత్ వాదించి గెలిచారు.

అలా వచ్చిందే మెజెల్లె. 1869 నుంచి 1876 దాకా పదహారు భాగాలుగా, 1851 సెక్షన్లతో తయారైంది. అమ్మకం, అద్దె, జామీను, భాగస్వామ్యం, కోర్టు విధానం అన్నీ అందులో ఉన్నాయి. పెళ్లి, విడాకులను ముట్టుకోలేదు. మొదట్లో సూత్రాల పట్టిక ఉంటుంది. వాటిలో 39వది, కాలం మారితే తీర్పులు మారడాన్ని కాదనలేమని చెబుతుంది. ఇది ప్రధానంగా ఆచారం మీద ఆధారపడిన తీర్పులకే వర్తిస్తుందని, ఖురాన్ స్పష్టంగా చెప్పినవాటికి కాదని వ్యాఖ్యాతలు వివరించారు.

దీన్ని కూడా ఒక షేఖుల్ ఇస్లాం వ్యతిరేకించారు. హసన్ ఫెహ్మీ ఎఫెందీ అభ్యంతరం లోపలి విషయం మీద కాదు. ఈ పని న్యాయశాఖలో ఎందుకు జరగాలి, న్యాయశాస్త్రం మా కార్యాలయం సొత్తు కదా అన్నదే. 1870లో జెవ్దెత్‌ను తప్పించారు, పని షేఖుల్ ఇస్లాం కార్యాలయానికి మారింది. అక్కడ తయారైన ఆరో భాగం ఎంత నాసిగా ఉందంటే, జెవ్దెత్‌ను 1871లో వెనక్కి పిలిచాక దాన్ని పక్కనపెట్టి మళ్లీ రాయాల్సి వచ్చింది.

1870 చివర్లో హసన్ ఫెహ్మీ ఇంకో గొడవలోనూ కనిపిస్తారు. కొత్తగా తెరిచిన విశ్వవిద్యాలయం దారుల్ ఫునూన్‌లో, దేశదేశాలు తిరిగిన ముస్లిం ఆలోచనాపరుడు జమాలుద్దీన్ అఫ్ఘానీ ప్రసంగిస్తూ ప్రవక్త పనిని, తత్వవేత్త పనిని పక్కపక్కన పెట్టి మాట్లాడారు. ప్రవక్త పదవిని ఒక వృత్తిగా దిగజార్చాడని పెద్ద రగడ చేశారు. అఫ్ఘానీ ఊరు వదలాల్సి వచ్చింది. విశ్వవిద్యాలయ అధిపతి హోజా తహ్సీన్ పదవి పోయింది. ఆయనా ప్యారిస్ చూసొచ్చిన ఆలిమే. ఈ అఫ్ఘానీయే దశాబ్దం తర్వాత మన హైదరాబాద్‌లో ఉన్నారు. భౌతికవాదులను ఖండిస్తూ ఆయన పారశీకంలో రాసిన ప్రసిద్ధ గ్రంథం 1881లో అక్కడే వెలువడింది. ఇస్తాంబుల్‌లో మతం తప్పాడని ముద్ర పడ్డ మనిషి, హైదరాబాద్‌లో మతం తరఫున కలం పట్టారు.

కింది మెట్టు నుంచి

పై ఉలేమాలు జీతాల్లో, ర్యాంకుల్లో సర్దుకుపోయారు. సోఫ్తాలకు సర్దుకోవడానికి ఏమీ మిగల్లేదు. సర్కారు ఉద్యోగాలు కొత్త బడుల్లో చదివినవారికి పోతున్నాయి. 1876 మే నెలలో వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చి ప్రధానమంత్రిని, హసన్ ఫెహ్మీని దింపించారు. ఆ నెల 30న, కొత్త షేఖుల్ ఇస్లాం హైరుల్లా ఎఫెందీ ఫత్వాతో సుల్తాన్ అబ్దుల్ అజీజ్ కూడా పోయాడు. విచిత్రమేమిటంటే, 1807లాగే కనిపించే ఈ ఫత్వా వెనక ఉన్నది రాజ్యాంగం కోరుతున్న మిద్‌హత్ పాషా బృందం. ఆ డిసెంబర్ 23న తొలి రాజ్యాంగం వచ్చింది. దాన్ని రాసిన కమిటీలో ఉలేమాలున్నారు. సంప్రదించి నిర్ణయం తీసుకోండన్న ఖురాన్ వాక్యాన్ని పార్లమెంటుకు ఆధారంగా చూపించినవారు వాళ్లలో ఉన్నారు, అదే గ్రంథాన్ని చూపించి ముస్లిమేతరులతో కూర్చుని చట్టాలు చేయడమేమిటని అడిగినవారూ ఉన్నారు.

నా లెక్కలో ఉలేమాల చేతి నుంచి అధికారం జారింది ఏ తిరుగుబాటులోనూ కాదు, మెజెల్లెలోనే. న్యాయం అరబీ వ్యాఖ్యానాల్లో ఉన్నంతకాలం దానికి పండితుడే తాళంచెవి. దాన్ని నంబర్లు వేసి తుర్కీలో అచ్చువేశాక చదవడం వచ్చిన ఎవరైనా తెరవగలరు. షరియత్‌ను కాపాడటానికి ఒక ఆలిం చేసిన పని, ఆలిం లేకుండా కోర్టు నడిచే వీలు కల్పించింది. మొదట్లో నిజామియే కోర్టుల్లో కూడా చాలాచోట్ల అధ్యక్షులుగా ఉలేమాలే కూర్చున్నారు. తర్వాత లా కాలేజీ నుంచి వచ్చినవారు పెరిగారు.

మిగతాది త్వరగా జరిగిపోయింది. 1917లో షరియత్ కోర్టులను షేఖుల్ ఇస్లాం నుంచి తీసి న్యాయశాఖ కింద పెట్టారు. సామ్రాజ్యం పోయి రిపబ్లిక్ వచ్చాక 1924 మార్చి 3న ఖిలాఫత్ రద్దయింది. చదువంతా ఒకే శాఖ కిందకు తెచ్చి మదరసాలు మూసేశారు. 1926లో టర్కీ స్విట్జర్లాండ్ సివిల్ కోడ్‌ను తెచ్చుకుని మెజెల్లెను పక్కనపెట్టింది. అది పుట్టిన దేశం వదిలేసినా సిరియాలో 1949 దాకా, ఇరాక్‌లో 1950ల ఆరంభం దాకా, జోర్డాన్‌లో 1976 దాకా అదే సివిల్ చట్టంగా నడిచింది.